నడిచే మనిషికి కుర్చీ

నా కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఆ రోజు విమానాశ్రయంలో నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడిపే మనిషిని నేను. పెళ్ళయిన ఏడాది నుంచీ మిషను తొక్కుతూనే ఉన్నాను. మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి మంచినీళ్ళ క్యాన్లు మోసుకొచ్చేది కూడా నేనే, మా ఆయనకి మెట్లెక్కితే ఆయాసం కాబట్టి. అలాంటి నన్ను కుంటిదాన్ని చేసి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు. కూర్చోబెట్టారు అనాలి నిజానికి. ఇన్నేళ్ళూ ఆయన గురించి వచ్చారు, తిన్నారు, అన్నారు అనే చెప్పుకొచ్చాను. ఇప్పుడు నోరు రావట్లేదు.

మా చెల్లెలు బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పే ఉద్యోగం. దాని గొంతు ఖంగుమంటూ ఉండేది. బస్టాండు బయట బండి మీద పళ్ళు కొనుక్కుంటున్నా వినపడేది. ఆ గొంతులోనే పుండు పడింది. మందులకి లొంగలేదు. స్వరపేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట మాత్రం దక్కదు అన్నారు డాక్టర్లు. అప్పటికే దాని మాట గాలిలా అయిపోయింది. ఫోన్లో గుసగుసమని ఏదో చప్పుడు తప్ప ఒక్క ముక్కా తెలిసేది కాదు. చెవి తీసుకెళ్ళి నోటి దగ్గర పెడితేనే ఏమంటోందో అర్థమయ్యేది.

ఆ వారం మా మరిది, చెల్లెలి భర్త, ఫోన్ చేశాడు. "వదినా, శుక్రవారం తెల్లారగానే ఆపరేషన్. మీరు గురువారం సాయంత్రానికల్లా వచ్చెయ్యాలి. అది నాతో కూడా మాట్లాడ్డం మానేసింది. ఏం కావాలన్నా చేత్తో సైగ చేస్తోంది. మిగిలిన కాస్త గొంతూ అక్కతో మాట్లాడ్డానికి దాచుకుంటున్నానని రాసి చూపించింది" అన్నాడు. మిషను మీద సగం కుట్టిన లాగు అలాగే వదిలేసి, పక్కింటివాళ్ళకి వినపడుతుందని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

బస్సులో వెళ్తే సమయానికి అందుకోలేం. విమానమే గతి. మేమిద్దరం అంతకుముందు విమానం ఎక్కలేదు. మా ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా గొలుసు పట్టుకుని జనం స్థలాలకి హద్దులు చూపించిన మనిషి. అందుకని ఎక్కడికి వెళ్ళినా ఎవర్నీ దారి అడగడు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ మేనత్త ఇంటికి తీసుకెళ్తూ ఊరంతా నాలుగుసార్లు తిప్పాడు గానీ, వీధి చివర కొట్టువాణ్ణి ఒక్క మాట అడగలేదు. అడిగితే చిన్నతనం.

టికెట్లు కొన్న రోజు నుంచే టెర్మినల్‌కి మ్యాపు గీయడం మొదలుపెట్టాడు. ఫోన్లో ఎక్కడో దొరికిన బొమ్మ చూసుకుంటూ, స్కేలు పెట్టి, పెన్సిలు చెక్కి, భోజనాల బల్లంతా ఆక్రమించుకుని గీశాడు. గేట్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు, అన్నీ. నేను గిన్నెలు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, "జాగ్రత్త, పులుసు పడితే రెండో అంతస్తు మొత్తం పోతుంది" అన్నాడు. నవ్వొచ్చింది అప్పుడు.

గీయడం అయ్యాక ఆయనకే బెదురు పట్టుకున్నట్టుంది. అంత పెద్ద చోట తప్పిపోతే ఎవర్నో ఒకర్ని అడగాల్సొస్తుంది. సరిగ్గా అప్పుడే కింది వాటాలో ఉండే ఇన్సూరెన్సు ఏజెంటు దేవుడిలా దిగాడు. "మీ ఆవిడకి వీల్‌చెయిర్ పెట్టించండి సార్. వాళ్ళ మనిషే వచ్చి గుమ్మం నుంచి విమానం దాకా తోసుకెళ్తాడు. క్యూ ఉండదు, వెతుక్కోనక్కర్లేదు. మీరు పక్కన నడవడమే. అందరూ చేసేదే" అన్నాడు. మా ఆయన మొహం విప్పారింది.

"నాకేం రోగం?" అన్నాను.

"రోగం లేదు, దారి తెలీదు. అదే చెప్తే ఇవ్వరుగా? మోకాళ్ళ నొప్పులని చెప్తాను. నువ్వు నోరు తెరవకుండా కూర్చుంటే చాలు."

"ఎవర్నన్నా అడిగితే చెప్తారు కదండీ. నేనే అడుగుతాను."

"నువ్వేం అడుగుతావ్? నలుగురూ నలభై రకాలుగా చెప్తారు. మీ చెల్లెల్ని చూడాలనుందా లేదా?"

ఆ చివరి మాటతో నా నోరు కట్టేశాడు.

కౌంటరు దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "అమ్మగారు కాస్తయినా నడవగలరా? విమానం మెట్లెక్కగలరా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "అడుగు తీసి అడుగు వెయ్యలేదమ్మా, చాలా బాధపడుతోంది" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసి, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ముందు వరుసలో సీటిచ్చింది. అందుకోసం వేరే ఎవర్నో వెనక్కి మార్చింది కూడా. నాకు తల తీసేసినట్టయింది. కుర్చీ రాగానే మా ఆయన నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, వంగి చెవిలో, "పొరపాటున కూడా లేవకు. అబద్ధమని తెలిస్తే విమానం ఎక్కనివ్వరు" అన్నాడు. నమ్మాను. తెలియని చోట ఎవరు ఏం చెప్తే అది నమ్ముతాం. నా చేతిసంచీ కూడా ఆయనే పుచ్చుకున్నాడు, పేషెంటు దగ్గర బరువెందుకని. నా ఫోను అందులోనే ఉంది. టికెట్లు ఆయన జేబులో ఉన్నాయి.

కుర్చీ తోసే అతను నడివయసువాడు, మాట తక్కువ. తనిఖీ దగ్గర ఒకావిడ, "కొంచెం లేచి నిలబడగలరా?" అంటే తల అడ్డంగా ఊపాను. పాపం, ఆవిడ నా ముందు వంగి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే తడిమి పంపింది. ఆ తర్వాత ఏవో లిఫ్టులు, పక్క తలుపులు, జనం లేని నడవాలు. నిజమే, ఏ క్యూలోనూ ఆగలేదు. మా ఆయన నా పక్కనే నడుస్తూ ప్రతి మలుపులోనూ మ్యాపు తీసి, "చూశావా, ఇక్కడ లిఫ్టు ఉంటుందని గీశాను, ఉంది" అంటూ మురిసిపోయాడు.

మా గేటు దగ్గర కుర్చీలవాళ్ళని ఉంచే మూల ఒకటుంది. అతను నన్ను అద్దాల గోడ వైపు తిప్పి పెట్టి, చక్రాలకి బ్రేకు వేశాడు. "ఎక్కించేటప్పుడు నేనే వస్తాను. ఇక్కడి నుంచి కదలకండి" అని చెప్పి ఇంకొకర్ని తెచ్చుకోవడానికి వెళ్ళాడు. నా ముందు విమానాలు, నా వెనక తెరలు. ఏ విమానం ఏ గేటుకో ఆ తెరల మీదే పడుతుందని నాకు తర్వాత తెలిసింది.

అంత మందిమి ఉన్నా అక్కడ ఒక్క అనౌన్స్‌మెంటూ వినపడలేదు. అక్కచెల్లెళ్ళలో ఒకరిది మైకు ఉద్యోగమైతే రెండోదాని చెవి అటే ఉంటుంది. "ఏమండీ, ఇక్కడ మైకులో ఏమీ చెప్పట్లేదు, గమనించారా?" అన్నాను.

"మన విమానం వచ్చినప్పుడు చెప్తారు. బస్టాండులోనే చెప్తుంటే ఇంత పెద్ద చోట చెప్పరా? నేనలా లాంజి దాకా వెళ్ళొస్తా. ఈ బ్యాంకు కార్డు చూపిస్తే లోపల తిన్నంత పెడతారట, ఏజెంటు చెప్పాడు. నిన్ను తీసుకెళ్దామంటే కుర్చీ."

"వద్దండీ, కూర్చోండి. కడుపు మాడిపోతోందా ఇప్పుడు?"

"ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అని, నా సంచీతో సహా వెళ్ళిపోయాడు.

నా పక్క కుర్చీలో నిజంగానే మోకాళ్ళు పోయిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడా మా విమానానికే. పాదాలు కుండల్లా వాచి ఉన్నాయి. "నీకెన్నాళ్ళ నుంచమ్మా ఈ బాధ?" అని అడిగింది. చాలా కాలంగా అన్నాను. ఏ మందు వాడుతున్నావంది. ఏదో నూనె పేరు చెప్పాను. నూనెతో తగ్గదమ్మా, ఆపరేషన్ చేయించుకో, అశ్రద్ధ చెయ్యకు, నీది ఇంకా చిన్న వయసే అని, నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది. ఎవరైనా చెంప మీద కొట్టినా ఇంకాస్త నయంగా ఉండేది.

కాసేపటికి చుట్టూ కూర్చున్న జనం లేవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే సంచులు సర్దుకుని ఒకే వైపు నడుస్తున్నారు. ఆవిడని తోసే అమ్మాయి వచ్చి, "గేటు మారిందమ్మా, అటు చివరికి వెళ్ళాలి" అని ఆవిడ కుర్చీ తిప్పింది. "నాదీ అదే విమానం, నన్నూ తీసుకెళ్ళమ్మా" అన్నాను. "రెండు కుర్చీలు తొయ్యలేనమ్మా. మీ మనిషికి కబురు వెళ్ళింది, వచ్చేస్తాడు. మీరు కదలకండి" అంటూ వెళ్ళిపోయింది. పెద్దావిడ వెనక్కి తిరిగి, "వచ్చెయ్యమ్మా, నీకోసం ఆగమని చెప్తాలే" అంది.

అప్పుడు లేవొచ్చు నేను. లేచి ఆ కుర్చీ వెనకే నడిచి వెళ్ళొచ్చు. టికెట్టు చేతిలో లేకపోయినా, అక్కడికి వెళ్ళి నిలబడి, మా ఆయన వస్తున్నాడు, కాస్త ఆగండని బతిమాలుకోవచ్చు. ఆవిడ చూస్తుందని లేవలేదు. ఇప్పుడే నా మోకాలు నిమిరిన మనిషి ముందు రెండు కాళ్ళ మీదా ఎలా నిలబడను? అబద్ధం బయటపడితే విమానం ఎక్కనివ్వరేమోనన్న భయం ఒకటి. రెండు చేతులతో కుర్చీ కమ్మీలు పట్టుకుని, ఆయన ఎటు నుంచి వస్తాడా అని మెడ తిప్పుకుంటూ కూర్చున్నాను. మా చెల్లెలు అక్కడ నోరు కట్టుకుని నా కోసం చూస్తోంది. నేనిక్కడ కాళ్ళు కట్టుకుని కూర్చున్నాను.

తోసే అతనికంటే ముందు మా ఆయనే వచ్చాడు, మూతి తుడుచుకుంటూ. సంగతి చెప్పాను. వెంటనే జేబులోంచి మ్యాపు తీశాడు.

"అతను వస్తాడట, ఆగుదాం" అన్నాను.

"వాడెవడి కోసమో ఆగేదేంటి? ఆ గేటు ఎక్కడుందో నాకు తెలుసు" అని వంగి బ్రేకు తీసి, తనే తొయ్యడం మొదలుపెట్టాడు. జనం వెళ్ళిన వైపు కాదు, దానికి ఎదురు.

"అందరూ అటు వెళ్ళారండీ. పైన బాణం కూడా అటే చూపిస్తోంది."

"బాణాలు తెలియనివాళ్ళ కోసం. గేట్ల నంబర్లు ఎడమ నుంచి కుడికి పెరుగుతాయి. కొలిచి గీశాను."

"పోనీ ఆ కాఫీ కొట్టు అమ్మాయిని అడగండి."

"నువ్వు నోర్మూసుకుని కూర్చో. అందరూ చూస్తున్నారు."

కూర్చున్నాను. ఆయన ఆయాసపడుతూ తోస్తున్నాడు. కొట్లన్నీ దాటాం. బల్లలు దాటాం. మనుషులు పలచబడ్డారు. చివరికి ఎదురుగా పెద్ద అట్టగోడ వచ్చింది. కొత్తగా కడుతున్నారట, అసౌకర్యానికి చింతిస్తున్నారట. మా ఆయన గీసిన బొమ్మ టెర్మినల్‌ని పెంచకముందుది. ఆయన ఆ గోడనీ చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇక్కడ ఉండాలే" అన్నాడు గోడతో.

అప్పుడు లేచాను. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, "టికెట్లివ్వండి" అన్నాను. "కూర్చో, కూర్చో, కెమెరాలుంటాయి" అంటూ నా చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన చొక్కా జేబులోంచి రెండు కాగితాలూ లాక్కుని పరిగెత్తాను. అంత పరుగు చిన్నప్పుడు కూడా తీయలేదు. జనం తప్పుకున్నారు. దారిలో కనిపించిన ప్రతి మనిషినీ అడిగాను. తుడిచేవాణ్ణి, పుస్తకాలమ్మేవాణ్ణి, పిల్లని ఎత్తుకున్న ఒక తల్లిని. ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. అందరూ ఒకే వైపు చెయ్యి చూపించారు.

గేటు తలుపు మూసేశారు. అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది, కదలకుండా. బల్ల దగ్గర ఉన్న ఉద్యోగి నా కాగితం చూసి, కంప్యూటరు చూసి, తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు. "మీరు వీల్‌చెయిర్ ప్యాసింజరు కదండీ?"

"బాబూ, మా చెల్లెలికి రేపు ఆపరేషన్. ఆ తర్వాత దానికి మాట ఉండదు. నాతో మాట్లాడదామని చూస్తోంది. నీకు దణ్ణం పెడతాను, తలుపు తియ్యి."

అతని మొహం మెత్తబడింది. "తీసే వీలుండదమ్మా, ఒకసారి మూశాక. మీ కోసం చాలాసేపు ఆపాం కూడా. ఆ పెద్దావిడ లోపలికి వెళ్ళనని ఇక్కడే పేచీ పెట్టింది, ఇంకొకామె రావాలి, పాపం నడవలేదు అని. మా మనిషి పాత గేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మీరూ లేరు, కుర్చీ లేదు. ఎక్కడికెళ్ళారు?"

ఈలోపు మా ఆయన రొప్పుతూ వచ్చాడు. పరిస్థితి అర్థమవగానే గొంతు పెంచాడు. "పేషెంటుని వదిలేసి వెళ్తారా? నడవలేని మనిషిని? పైవాళ్ళకి రాస్తాను!"

"పేషెంటుగారు మీకంటే ముందు పరిగెత్తుకొచ్చారండీ" అన్నాడు అతను. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో కుర్చీ తోసే అతను కూడా వచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "కుర్చీ ఎక్కడ వదిలేశారు? ఇంకొకరికి కావాలి" అని మాత్రం అడిగాడు. అట్టగోడ దగ్గర ఉందని చెప్పాను.

ఆ కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నా అందుకునేదాన్ని. లేచి నడిచినా అందుకునేదాన్ని. మా ఆయన నన్ను కూర్చోనూ ఇవ్వలేదు, నడవనూ ఇవ్వలేదు.

"ముందు ఫోన్ చెయ్యండి, వాళ్ళు చూస్తుంటారు" అన్నాను. "ఆగు, ఏమని చెప్తాం? ముందు వేరే విమానం సంగతి తేల్చుకోనీ" అని కౌంటరు కౌంటరుకీ తిరిగాడు. ఆ రోజుకి ఇంకేమీ లేదు, మర్నాడు పొద్దున్నే ఒకటుంది. అది తేలి, ఆయన నా చేతికి ఫోనిచ్చేసరికి మా మరిది అవతల విమానాశ్రయంలో మా కోసం నిలబడి ఉన్నాడు. విమానం దిగింది, అందరూ బయటికొచ్చేశారు, మీరేరి వదినా అని అతనే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన ఫోను లాక్కుని, "మా టికెట్లు వాళ్ళే క్యాన్సిల్ చేశారయ్యా, సీట్లు ఎక్కువ అమ్ముకున్నారట, దొంగ వెధవలు" అన్నాడు. అంత నున్నగా అబద్ధమాడగలడని ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

మేం ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. బాగా జరిగిందన్నారు. మరిది నడవాలో ఎదురొచ్చాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మా ఆయన మళ్ళీ సీట్ల కథ ఎత్తుకున్నాడు. మరిది వినలేదు. నా వైపే చూస్తూ చెప్పాడు.

"నేను మీకోసం ఎయిర్‌పోర్టుకి వెళ్ళినప్పుడు మా అమ్మని దాని దగ్గర కూర్చోబెట్టాను వదినా. తలుపు చప్పుడైనప్పుడల్లా 'అక్క వచ్చిందా' అని అడిగిందట. నర్సు వస్తే నర్సుని, తుడిచే మనిషి వస్తే ఆవిణ్ణి. వద్దమ్మా, గొంతు దాచుకో అంటే వినలేదట. నేను తిరిగొచ్చి మీరు రాలేదని చెప్పేసరికి ఇక గాలి కూడా బయటికి రావట్లేదు. దాచుకున్నదంతా ఆ ఒక్క మాట అడగడానికే అయిపోయింది."

"పోనీలే, ఇప్పుడు ప్రాణానికి ఢోకా లేదుగా. అది ముఖ్యం" అన్నాడు మా ఆయన.

నేను ఆయన వైపు తిరిగి చూడలేదు. చూస్తే ఏమంటానో నాకే తెలియదు. ఆయన మీద ఎంత కోపముందో, కమ్మీలు పట్టుకుని కూర్చున్న నా మీద అంతకంటే ఎక్కువుంది.

లోపల అది మేలుకునే ఉంది. మెడ చుట్టూ కట్టు, మధ్యలో చిన్న గొట్టం. నన్ను చూసి చెయ్యి చాపింది. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. సీట్లెవరూ అమ్ముకోలేదే, విమానం నీ దగ్గరికి సరిగ్గానే వచ్చింది, మీ బావ నన్ను నడవలేనిదాన్ని చేశాడు, నేను నోరు మూసుకుని కూర్చున్నాను అని. అన్నీ వింది. కోపం వస్తుందేమో, మొహం తిప్పుకుంటుందేమో అని చూశాను. తిప్పుకోలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని పెదవులు కదిపింది. చాలాసేపు కదిపింది, ఒక మాట కాదు, చాలా మాటలు. నేను వంగి, చెవి తీసుకెళ్ళి దాని నోటి దగ్గర పెట్టాను. ఊపిరి తగలలేదు. దాని ఊపిరి ఇప్పుడు మెడలోని గొట్టంలోంచి వస్తోంది.

"ఏమంటోంది?" అని గుమ్మంలోంచి అడిగాడు మా ఆయన.

"నాకు తెలీదు" అన్నాను. "ఇంక తెలీదు."